రఫ్ పేజీని ఎవరూ ఫొటో తీయరు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. హాస్టల్లో మేం ఐదుగురు ఫ్రెండ్స్‌మి. రోజుకి ఒకరం చొప్పున ఒక కష్టమైన లెక్క లాంగ్ నోట్‌బుక్‌లో రాసి, స్టడీ అవర్ అయ్యాక అందరం చేస్తాం. సెలవుల్లో అదే పని వాట్సాప్‌లో. మాలో ఒకమ్మాయి పది నిమిషాల్లో సొల్యూషన్ ఫొటో తీసి పెట్టేస్తుంది. చూస్తే అంతా అర్థమవుతుంది. మర్నాడు అలాంటిదే ఇంకోటి ఇస్తే మాత్రం నాకు మొదటి అడుగు పడదు. చేయకుండా వదిలేసినవి పద్నాలుగు లెక్కలు ఉన్నాయి. పోయిన వారం నా వంతు వచ్చింది. ఒక సీనియర్ అక్క చెప్పిన లెక్క పెట్టాను: ‘సమతలంలో ఏ ఐదు బిందువులు తీసుకున్నా, వాటిలో నాలుగు కలిపితే కుంభాకార చతుర్భుజం (ఏ మూలా లోపలికి నొక్కుకుపోని నాలుగు భుజాల బొమ్మ) వస్తుందని చూపండి.’ ఆ అమ్మాయి వెంటనే ‘ఐదూ ఒకే గీత మీద పెడితే?’ అంది. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. నాన్నగారేమో ‘మీరంతా ఒకే సీటుకి పోటీ, నీకు తెలిసిన లెక్కలు వాళ్లకెందుకు ఇస్తావు?’ అంటున్నారు. నేను ఈ గ్రూపులోంచి బయటికి రావాలా? నాకు మ్యాథ్స్ బుర్ర లేదా?
– ఒక ఎంపీసీ విద్యార్థిని

సమాధానం: చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను తల్లీ, లేకపోతే మిగతాది నీ చెవికెక్కదు. నీ ఉత్తరంలో బుర్ర లేదనడానికి సాక్ష్యం ఒక్కటీ లేదు. వేరొకరు చేసిన లెక్క చూస్తే అర్థమవుతోంది, సొంతంగా చేయబోతే మొదలవడం లేదు అంటున్నావు. బండి వెనక సీట్లో కూర్చుని ఒకే ఊరికి పదిసార్లు వెళ్లొచ్చినా, హ్యాండిల్ చేతికిస్తే మొదటి మలుపు దగ్గరే ఆగిపోతాం. నీకు జరుగుతున్నది అదే. దారి నీకు రాదని కాదు, నువ్వింకా బండి నడపలేదు. పది నిమిషాల్లో ఫొటో వస్తుంటే నడిపే అవకాశం ఎప్పుడొస్తుంది?

ఇందులో ఆ అమ్మాయి తప్పు కూడా లేదు. జవాబు వస్తే చూపించాలనిపిస్తుంది, పదిహేడేళ్లకి మరీను. నేను చాలాకాలం అదే పని చేశాను. స్టాఫ్ రూమ్‌కి ఎవరైనా డౌట్ పట్టుకొస్తే చాక్‌పీస్ తీసుకుని బోర్డు నిండా చకచకా చేసి పెట్టేదాన్ని. పిల్లలు ‘సూపర్ మేడమ్’ అనేవారు, నాకు బాగుండేది. యూనిట్ టెస్టులో అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే, ఆ ‘సూపర్’ అన్నవాళ్ల పేపర్లే ఖాళీ. అప్పటినుంచి డౌట్‌తో వచ్చినవాళ్లని ‘ఎంతదాకా వచ్చావో రఫ్ చూపించు’ అనేదాన్ని. కొంతమంది రావడం మానేశారు. వచ్చినవాళ్లు మాత్రం బాగుపడ్డారు.

మీ గ్రూపులో చేరేవి రెండే: లెక్క, ఫెయిర్ చేసిన సొల్యూషన్. రెండింటికీ మధ్య జరిగినదంతా రఫ్ పేజీలోనే ఉండిపోతోంది. ఆ అమ్మాయి కూడా ఏదో ఒక తప్పు దారి పట్టి, కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టి ఉంటుంది. ఆ కొట్టివేతల పేజీని ఎవరూ ఫొటో తీయరు. నీకు కావాల్సింది ఆ పేజీ.

ఒక లెక్క తీసుకుని చూద్దాం. √(ఎక్స్² + 4) + √((ఎక్స్ – 8)² + 16). ఎక్స్ ఏదైనా కావచ్చు, దీని కనిష్ఠ విలువ ఎంత? నీ ఫ్రెండ్ పెట్టే ఫొటోలో బహుశా మూడు లైన్లుంటాయి, కింద గీత గీసి జవాబు 10 అని ఉంటుంది. ‘ఓహో’ అనుకుంటావు. అంతటితో ఆ లెక్క నీకు చచ్చిపోయింది.

ఫొటో బదులు ఆ అమ్మాయి ఒక్క మాట అని ఊరుకుందనుకో: ‘రూట్లని రూట్లలా చూడకు, దూరాల్లా చూడు.’ అప్పుడు నువ్వు కాసేపు గింజుకుంటావు. √(ఎక్స్² + 4) అంటే ఒక భుజం ఎక్స్, ఇంకో భుజం 2 ఉన్న లంబకోణ త్రిభుజంలో కర్ణం కదా అని తడుతుంది. రెండోదాంట్లో భుజాలు 8 – ఎక్స్, 4. బొమ్మ గీస్తే ఒక కాలవ కనిపిస్తుంది. కాలవకి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఇంకో ఊరు, కాలవ వెంబడి కొలిస్తే రెండింటికీ మధ్య ఎనిమిది. గట్టు మీద ఒకచోట మోటారు పెట్టి రెండూళ్లకీ పైపులు వేయాలి. ఎక్కడ పెడితే మొత్తం పైపు తక్కువ పడుతుంది? ఎక్స్ అంటే ఆ మోటారు చోటు.

అక్కడ మళ్లీ ఆగిపోతే రెండో మాట: ‘రెండూళ్లూ కాలవకి ఒకే పక్కన ఎందుకుండాలి?’ రెండో ఊరిని అద్దంలో బొమ్మలా గట్టుకి అవతలికి తిప్పేస్తే పైపు పొడవు మారదు. ఇప్పుడు ఇవతలి ఊరి నుంచి అవతలి ఊరికి తిన్నగా గీత గీస్తే అదే అతి తక్కువ. అడ్డంగా 8, నిలువుగా 2 + 4 అంటే 6, కాబట్టి కర్ణం 10. మోటారు చోటు మొదటి ఊరి వైపు నుంచి 8/3 దగ్గర.

ఇంతకీ డిఫరెన్షియేట్ చేసి జీరోకి ఈక్వేట్ చేసినా ఇదే వస్తుంది. కాస్త చెమట పడుతుంది గానీ రెండు వైపులా స్క్వేర్ చేసి సర్దితే 2ఎక్స్ = 8 – ఎక్స్ అని శుభ్రంగా తేలుతుంది. మీ ఐదుగురిలో ఒకరు కాలవ దారిలో, ఒకరు కాల్క్యులస్ దారిలో వచ్చి, ఆ 8/3 దగ్గర కలుసుకోవాలి. గ్రూపు అక్కరకొచ్చేది అందుకు. ఒక్కరు చేసేసి నలుగురు చూసేదానికి గ్రూపెందుకు, వెనకాల కీ ఉన్న పుస్తకం చాలు.

కాబట్టి బయటికి రాకు, రూలు మార్చమని అడుగు. లెక్క పెట్టిన రోజు పూర్తి సొల్యూషన్ ఎవరూ పెట్టకూడదు. అయిపోయినవాళ్లు ‘అయింది’ అని మాత్రమే చెప్పాలి. అడిగినవాళ్లకి ఒక్క హింట్, అదీ ప్రశ్న రూపంలో. సొల్యూషన్ మర్నాటి రాత్రికి. పెట్టేటప్పుడు ఫెయిర్ కాపీతో పాటు రఫ్ కూడా పెట్టాలి. నీ ఫ్రెండ్‌కి చిరాకేస్తే చెప్పు, హింట్ ఇవ్వడం సొల్యూషన్ ఇవ్వడం కంటే కష్టమని. ఎదుటివాళ్లు ఎక్కడ ఇరుక్కున్నారో కనిపెట్టి, సరిగ్గా అక్కడ ఒక్క తోపు తోయాలి. అంత వేగం ఉన్న అమ్మాయికి అది చేతనవుతుంది, ఆమెకే అందరికంటే ఎక్కువ లాభం కూడా.

ఇక నువ్వు ఏడ్చిన లెక్క సంగతి. నాకు ఉత్తరంలో అన్నిటికంటే నచ్చింది అదే.

నువ్వు రాసిన లెక్కలో ఒక షరతు జారిపోయింది: ‘ఏ మూడు బిందువులూ ఒకే సరళరేఖ మీద ఉండకూడదు.’ సీనియర్ అక్క చెప్పడం మర్చిపోయిందో, నువ్వు రాసుకోవడం మర్చిపోయావో. ఆ షరతు లేకపోతే నీ ఫ్రెండ్ అన్నది పూర్తిగా నిజం. ఐదూ ఒకే గీత మీద పెడితే చతుర్భుజం ఎక్కడిది? ఆమె నవ్వి ఉండకపోతే బాగుండేది గానీ ఆ ఒక్క ప్రశ్నతో లెక్కలోని కన్నం చూపించింది. నేనైతే థాంక్స్ చెప్పి, షరతు చేర్చి, అదే లెక్క మళ్లీ పెడతాను. లెక్కలు చేతులు మారేటప్పుడు ముందు రాలిపోయేవి ఇవే: ‘ధన పూర్ణాంకాలు’, ‘విభిన్నమైన’, ‘సున్న కాని’. ఒక్క మాట రాలిపోతే నలుగురి రెండు గంటలు వృథా. లెక్క ఇచ్చేముందు చిన్న అంకెలతో, అడ్డదిడ్డమైన సందర్భాలతో నువ్వే ఒకసారి పరీక్షించు.

ఈ లెక్క మొదట పెట్టింది ఎవరో తెలుసా? 1930ల మొదట్లో హంగరీలోని బుడాపెస్ట్‌లో కొంతమంది కుర్రకారు పార్కుల్లో, కొండల్లో తిరుగుతూ లెక్కలు ఇచ్చిపుచ్చుకునేవారు. సిటీ పార్కులో ‘అనానిమస్’ అనే పేరులేని చరిత్రకారుడి విగ్రహం ఒకటుంది, దాని దగ్గర చేరేవారు. ఆ దేశంలో బడిపిల్లల కోసం లెక్కల పత్రిక 1894 నుంచీ ఉంది. గ్యోర్ అనే ఊళ్లో డానియెల్ అరానీ అనే హైస్కూలు మాస్టారు మొదలుపెట్టారు. నెలనెలా లెక్కలు వేసేవారు, పిల్లలు సాధనలు పంపేవారు. ఆ అలవాటులోంచి వచ్చిన జట్టు ఇది. అందులో తరవాత పేరున్న గణితవేత్తలైన పాల్ ఎర్డోష్ ఉన్నాడు, జార్జ్ సెకెరెష్ ఉన్నాడు, ఎస్తర్ క్లైన్ అనే అమ్మాయి ఉంది. నువ్వు పెట్టిన ఐదు బిందువుల లెక్క ఆ ఎస్తర్ తెచ్చింది, షరతుతో సహా.

సాధన చెప్పేస్తున్నందుకు మీ ఫ్రెండ్స్ నన్ను తిట్టుకోకూడదు. ఐదు బిందువుల దగ్గరా ఐదు గుండుసూదులు గుచ్చి, వాటన్నిటి చుట్టూ ఒక రబ్బరు బ్యాండు వేసి వదులు. బ్యాండు నాలుగు సూదులకో ఐదింటికో తగిలితే పని అయిపోయినట్టే. మూడింటికే తగిలితే ఒక త్రిభుజం, లోపల రెండు సూదులు మిగులుతాయి. ఆ లోపలి రెండింటి మీదుగా ఒక గీత గియ్యి. త్రిభుజానికి శీర్షాలు మూడు, గీతకి పక్కలు రెండే. కాబట్టి రెండు శీర్షాలు ఒకే పక్కన పడక తప్పదు. ఆ రెండు శీర్షాలు, లోపలి రెండు సూదులు కలిపి చూడు. షరతు ఎక్కడ వాడామో కూడా చూడు. ఆ గీత మీద ఏ శీర్షమూ పడదని మనకి ఎలా తెలుసు?

ఎస్తర్ అక్కడితో ఊరుకోలేదు. నాలుగు భుజాలకి ఐదు బిందువులు చాలితే, ఐదు భుజాలకి ఎన్ని కావాలి, ఆరింటికి ఎన్ని అని అడిగింది. ఐదు భుజాలకి తొమ్మిది. ఎన్ని భుజాలడిగినా ఏదో ఒక సంఖ్యలో బిందువులు చాలతాయని ఎర్డోష్, సెకెరెష్ కలిసి 1935లో అచ్చువేశారు. ఆరు భుజాలకి 17 అని తేలడానికి 2006 దాకా పట్టింది, అదీ కంప్యూటరు సాయంతో. ఏడు భుజాలకి కచ్చితంగా ఎన్ని అన్నది ఇప్పటికీ తేలలేదు. అంటే గ్రూపులో నువ్వు పెట్టి నవ్వించుకున్న లెక్క, ఒక్క షరతు చేరిస్తే, తొంభై ఏళ్లుగా పెద్దపెద్దవాళ్లని తిప్పలు పెడుతున్న లెక్కకి మొదటి మెట్టు. సెకెరెష్‌కీ ఎస్తర్‌కీ 1937లో పెళ్లయింది. అందుకని ఎర్డోష్ దీనికి ‘హ్యాపీ ఎండింగ్ ప్రాబ్లమ్’ అని పేరు పెట్టాడు. (మీ ఐదుగురూ అమ్మాయిలే కాబట్టి ఈ సంగతి మీ నాన్నగారికి ధైర్యంగా చదివి వినిపించొచ్చు.)

మన దగ్గరా ఈ అలవాటు లేకపోలేదు. అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ 1907లో లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకి ఉత్తరాలు రాసి ఒక సంఘం పెట్టారు. అప్పట్లో పుస్తకాలు, పత్రికలు దొరక్క ఎవరికి వారు ఒంటరిగా ఉండేవారు. కలిసి తెప్పించుకుని పంచుకుందామన్నది ఆలోచన. అదే ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. దాని పత్రికలో 1911లో ఒక కుర్రవాడు పాఠకులకి ఒక ప్రశ్న వేశాడు: √(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …)))) ఇలా అంతులేకుండా పోతే విలువెంత? నెలలు గడిచినా ఎవరూ సాధన పంపలేదు. చివరికి అతనే చెప్పాడు, 3 అని. ఆ కుర్రవాడు రామానుజన్.

ఇది నీకు పూర్తిగా అందుతుంది, ఇంటర్ ఆల్జీబ్రా చాలు. ఏ సంఖ్య వర్గమైనా దానికి ముందు సంఖ్యనీ తరవాత సంఖ్యనీ గుణించి ఒకటి కలిపినదే. 9 అంటే 1 + 2 × 4. కాబట్టి 3 = √(1 + 2 × 4). ఆ 4 ఏమో √(1 + 3 × 5). ఆ 5 ఏమో √(1 + 4 × 6). ఇలా విప్పుకుంటూ పోతే రామానుజన్ ప్రశ్న కళ్ల ముందుంటుంది.

సరే, ఇది గ్రూపులో పెట్టారు, నలుగురు చప్పట్లు కొట్టారు. ఐదో అమ్మాయి అడిగిందనుకో: ‘4ని కూడా అలాగే విప్పొచ్చు కదా? 16 అంటే 1 + 2 × 7.5. ఆ 7.5ని √(1 + 3 × 18.41…) అని రాయొచ్చు. ఇలా నేనూ అంతులేకుండా పోతాను. మరి జవాబు 4 ఎందుకు కాకూడదు?’ దీనికి జవాబు చెప్పడం రామానుజన్ లెక్క కంటే కష్టం. చివర కత్తిరించి లెక్కకట్టి చూడండి: √(1 + 2) 1.73, తరవాతది 2.24, తరవాత 2.56, ఆ తరవాత 2.76. పెరుగుతూ 3 వైపే వెళ్తున్నాయి, 3 దాటవు. 4తో మొదలుపెట్టిన దాంట్లో లోపల మిగిలే సంఖ్యలు 7.5, 18.4, 84.5 అని పేలిపోతున్నాయి, 3 దాంట్లో 4, 5, 6 అని బుద్ధిగా ఉన్నాయి. తేడా అక్కడుంది. దాన్ని రుజువుగా రాయడం మీ ఐదుగురికీ వారం పని.

నేను పరీక్షాధికారినైతే 3 అని చెప్పినవాళ్ల కంటే ‘4 ఎందుకు కాదు’ అన్న అమ్మాయికే రెండు మార్కులు ఎక్కువ వేస్తాను. ‘ఐదూ ఒకే గీత మీద పెడితే?’ అన్న మీ ఫ్రెండ్ కూడా ఆ జాతే. ఆమెని దూరం చేసుకోకు.

నాన్నగారి మాటకొస్తాను. ఆయన భయం నాకు తెలుసు, ఫీజు కట్టే ప్రతి తండ్రిదీ అదే. అయితే జేఈఈ మెయిన్ రాసినవాళ్లలో పైనున్న రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ రాసే వీలిస్తారు. అంత సముద్రంలో నీ పక్క మంచం మీద పడుకునే నలుగురికి లెక్క దాచిపెడితే ర్యాంకు ఎక్కడ మారుతుంది? పోగొట్టుకునేది మాత్రం చాలా ఉంది. లెక్కని ఇంకొకళ్లకి వివరించినప్పుడే మనకి రాని చోటు బయటపడుతుంది. ఇది ఆయనకి చెప్పు, కానీ వాదించకు. ఒకరోజు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాలవ, మోటారు లెక్క చెప్పు. పొలం సంగతులు తెలిసినవారైతే నీకంటే ముందే బొమ్మ గీస్తారు.

ఆయన మాటల్లో నిజం కూడా లేకపోలేదు, అది టైము గురించి. ఇంటర్నేషనల్ మ్యాథ్స్ ఒలింపియాడ్‌లో రోజుకి మూడు లెక్కలకి నాలుగున్నర గంటలిస్తారు. అడ్వాన్స్‌డ్‌లో ఒక్కో పేపరు మూడు గంటలు, అందులో మూడు సబ్జెక్టులు. అంటే మ్యాథ్స్‌కి నీకు మిగిలేది గంటో, ఇంకాస్తో. తీరిగ్గా గింజుకోవడం, గడియారం పెట్టుకుని పరిగెత్తడం, రెండూ వేరువేరు సాధనలు. మీ నోట్‌బుక్ మొదటిదానికి. కాబట్టి రోజుకి ఒక్క లెక్క, ముప్పావుగంట. అది దాటితే పుస్తకం మూసి మిగతా చదువు చూసుకో. తేలని లెక్క బుర్రలో ఓ మూల నలుగుతూనే ఉంటుంది, స్నానం చేస్తుంటేనో మెస్ లైన్లో నిలబడితేనో తడుతుంది. పరీక్షకి నెలా నెలన్నర ముందు నోట్‌బుక్ పక్కన పెట్టి టైము పెట్టుకుని పాత పేపర్లు చెయ్యండి. పబ్లిక్ పరీక్షకి రాసే దీర్ఘ సమాధానాలు ఇందులో కలపకు, దాని పద్ధతి వేరు.

ఆ పద్నాలుగు లెక్కల సంగతి: పదకొండు కొట్టెయ్. నిజంగానే. అప్పుల చిట్టాలా రోజూ కళ్ల ముందు పెట్టుకుంటే కొత్తది ముట్టుకోబుద్ధి కాదు. సొల్యూషన్ ఇంకా చూడనివి మూడు ఏరుకో, వారానికి ఒకటి. ఎడమ పేజీలో నీ ప్రయత్నం తప్పో ఒప్పో రాయి, ఎక్కడ ఆగిపోయావో అక్కడ తేదీ వెయ్యి. కొట్టేసినా చింపకు. తరవాత సొల్యూషన్ చూస్తే వెంటనే కాపీ చేయకు. రెండు రోజులాగి, చూడకుండా కుడి పేజీలో రాయి. రాయలేకపోతే నీకది అర్థం కాలేదని అర్థం, ఎంత ‘ఓహో’ అనిపించినా సరే. కింద ఒక్క వాక్యం: ‘ఈ ఐడియా నాకు ఎక్కడ తట్టి ఉండాల్సింది?’ కాలవ లెక్కకైతే నేను రాసేది ఇది: ‘రెండు వర్గాల మొత్తానికి రూట్ కనిపించగానే పైథాగరస్ గుర్తు రావాలి.’

ఈసారి నీ వంతు వచ్చినప్పుడు షరతు చేర్చి ఆ ఐదు బిందువుల లెక్కే మళ్లీ పెట్టు. అది అయిపోయాక రెండోది కూడా సిద్ధంగా ఉంచుకో: ఐదు భుజాల కుంభాకార పంచభుజి ఒక్కటీ రాకుండా కాగితం మీద ఎనిమిది బిందువులు పెట్టండి, ఏ మూడూ ఒకే గీత మీద ఉండకూడదు. పెట్టొచ్చు, అంతవరకు చెప్తున్నాను. ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పను. కుదిరాక నాకు పంపు, ఫెయిర్ చేయకుండా, కొట్టివేతలతో సహా.